మే దాకా తవ్వకండి

ఇల్లు కొన్నది జనవరిలో.
తోట అంటే అప్పుడు
రెండు కంచెల మధ్య ఇంత తడి మన్ను,
ఒరిగిన బట్టల కొయ్య, మూత లేని నీళ్ళ పీపా.
నెవిల్ టేపు పరిచి కొలిచాడు.
వ్యానూ కారూ రెండూ పడతాయన్నాడు.

వంటింటి సొరుగులో, కొవ్వొత్తి ముక్కల కింద,
గ్యాసు బిల్లు వెనక పెన్సిలు గీతలు.
ఓల్వెన్ ప్రొథెరో,
మెట్లు ఎక్కలేక లెమ్‌స్టర్ బస్టాండు పక్క
లిఫ్టున్న ఫ్లాటుకి మారిన మనిషి,
తాళాలతో పాటు వదిలిన పటం.
ఇరవై రెండు సున్నాలు,
సున్నాకో పేరు,
అడుగున గట్టిగా నొక్కి రాసిన మాట:
మే దాకా తవ్వకండి.

"తవ్వకపోవడానికి ఇక్కడేముంది?"
నిజమే, ఏమీ లేదు.
బోలు కాడలు, నల్లబడ్డ ఆకుల జావ,
విరిగిన బొమ్మ సైనికుడి కాలు ఒకటి.
కింగ్‌టన్ నుంచి రాతి పలకలు
మార్చి పదిహేడుకి వస్తాయని
ఫ్రిజ్ తలుపు మీద రసీదు.

ఫిబ్రవరి ఒకటే వాన.

మార్చి మొదటి ఆదివారం
నైటీ మీద కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు,
చేతిలో టీ.
ఏడో సున్నా దగ్గర మన్ను బీటలిచ్చింది.
చలికి కందిన వేళ్ళలా
నాలుగు ఎర్ర మొనలు.
మొదట పురుగులనుకున్నాను.
లోపలికెళ్ళి పటం తెచ్చి చదివితే:
పియొనీ. మా పెళ్ళికన్నా పాతది.
కదిపితే మూడేళ్ళు అలుగుతుంది.

టీ చల్లారిపోయింది.
సోమవారం నెవిల్ పనికెళ్ళాక
పలకల వాళ్ళకి ఫోను చేశాను.
"రాళ్ళు ఎక్కడికి పోతాయి లెండి," అన్నాడతను,
"మీకు కావలసినప్పుడే చెప్పండి."
రసీదు మాత్రం తీయలేదు, అలాగే ఉంచాను.

సూపర్‌మార్కెట్ గుమ్మంలో అమ్మే పూలు
పూసే వస్తాయి, పూసే పోతాయి.
వీటి తరహా వేరు.
చలి పడగానే చచ్చినట్టు పడుంటాయి,
పొద్దు పెరగగానే
చచ్చినట్టు లేస్తాయి.

ఏప్రిల్‌లో ఒక్కో సున్నా నోరు విప్పింది.
మూడులో లుపిన్, ఆకు నడుమ వాన బొట్టును
పడిపోకుండా పట్టుకుని.
పదకొండులో హోస్టా, చుట్టిన చుట్టల్లా.
తొమ్మిదిలో జెరేనియం, హద్దు దాటి
పదిలోకీ పన్నెండులోకీ పిలకలు వేసి.
ఈ పటం గీసింది ఎప్పుడో
అప్పుడు తెలిసింది నాకు.

ఒక రాత్రి మెలకువ వస్తే
పక్కన నెవిల్ లేడు.
కిటికీ కింద టార్చి వెలుగు.
పైజామా మోకాళ్ళకి మట్టి,
డెల్ఫీనియం మొలకల మీంచి స్లగ్గుల్ని ఏరి
ఐస్‌క్రీం డబ్బాలో వేస్తున్నాడు.
నేను చూశానని అతనికి తెలుసు.
పొద్దున్న ఇద్దరం
వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

వ్యాను ఇంకా రోడ్డు మీదే ఉంది.
రెండుసార్లు జరిమానా పడింది.

ఇరవై రెండో సున్నాలో పేరు లేదు.
ఇక్కడ ఏదో పెట్టాను, గుర్తు లేదు,
మీరే చూడండి, అని ఉంది.
చూశాం. మే వచ్చింది, మే పోయింది.
పక్కింటి పిల్లి వచ్చి పడుకోవడం తప్ప
అక్కడ ఏ కదలికా లేదు.

జూన్ రెండున
తడి కాగితం చుట్టిన పియొనీలు మూడు పట్టుకుని
లిఫ్టు ఎక్కాను.
పూలకేసి ఒక్క క్షణం చూసిందావిడ,
పాత అద్దెదారును చూసినట్టు.
"ఇరవై రెండులో ఏమొచ్చింది?"
"ఏమీ రాలేదండీ."
"తొందరేముంది," అంది ఓల్వెన్,
"ఇంకా మే అవలేదుగా."

గోడ మీద క్యాలెండరు వైపు చూడకుండా
తలూపాను.

ఇంటికొచ్చేసరికి
ఆ ఖాళీ మట్టి చుట్టూ నాలుగు పుల్లలు పాతి
పురికొస కట్టి ఉంది.
ఎవరు కట్టారని
నేను అడగలేదు.